దృష్టిలోపం ఉన్న పిల్లల అనుభవం – యానిమేషన్ చిత్రణ: రెండు లఘుచిత్రాల పరిశీలన

1. ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• దృష్టిలోపాన్ని తెరపై చూపే పద్ధతుల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• రెండు యానిమేషన్ లఘుచిత్రాల బలాన్నీ, పరిమితినీ వివరించగలుగుతారు.

2. ప్రవేశిక

వంశపారంపర్యంగా వచ్చే కంటి జబ్బుల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా ఒకటి. కంటి వెనుక ఉండే రెటీనా పొరలో రెండు రకాల కణాలు వెలుతురును గ్రహిస్తాయి. మసక వెలుతురులో చూడటానికి దండ కణాలు, పగటిపూట రంగులనూ సన్నని వివరాలనూ చూడటానికి శంకు కణాలు తోడ్పడతాయి. ఈ జబ్బులో సాధారణంగా మొదట దెబ్బతినేవి దండ కణాలు. అందువల్ల ముందు రేచీకటి వస్తుంది. తర్వాత పక్కచూపు క్రమంగా కుంచించుకుపోతుంది. ఎదుటి చూపు మాత్రం చాలాకాలం నిలిచి ఉండవచ్చు.

కాబట్టి పగలు పుస్తకం చదివిన పిల్లవాడే పొద్దుగూకేసరికి గడప తట్టుకొని పడతాడు. ఇంట్లో వాళ్లు "చూసి నడవలేవా?" అని కసురుతారు. బడిలో "నటిస్తున్నాడు" అంటారు. చూపు ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకుంటే అసలే ఉండదు అనే అభిప్రాయం మనలో బలంగా పాతుకుపోయింది. ఆ అభిప్రాయాన్ని ఒక చిత్రం సడలిస్తుందా, మరింత బిగిస్తుందా? ఈ భాగంలో మన ప్రశ్న ఇదే.

3. నల్లని చట్రం – దాని చిక్కు

అవగాహన కోసం తీసే చిత్రాల్లో ఒక పద్ధతి తరచుగా కనిపిస్తుంది. తెర అంచులన్నీ నల్లగా చేసి, నడుమ గుండ్రని రంధ్రంలో దృశ్యాన్ని చూపుతారు. విషయం క్షణంలో అర్థమవుతుంది కనుక ఇది ప్రచారానికి పనికొస్తుంది. అనుభవాన్ని చెప్పడానికి మాత్రం చాలదు.

మొదటి కారణం: పక్కచూపు తగ్గినవారికి సాధారణంగా చుట్టూ నల్లని వలయం కనిపించదు. అక్కడ వారికి ఏమీ కనిపించదు, అంతే. మన తల వెనుక ఉన్నది మనకు నల్లగా కనిపించదు కదా! రెండో కారణం: ఆ నలుపును చూసిన ప్రేక్షకుడు తన నిండు చూపుతో పోల్చుకొని జాలిపడతాడు. చిన్ననాటి నుంచే చూపు తక్కువైన పిల్లవాడికి ఆ పోలిక తెలియదు. తనకు కనిపించినట్టే అందరికీ కనిపిస్తుందని అనుకుంటాడు. అంటే ఆ చట్రం మన జాలిని చూపుతుంది, అతని అనుభవాన్ని చూపదు.

కెమెరా ముందు ఉన్నదంతా చిత్రంలోకి వచ్చిపడుతుంది. యానిమేషన్‌లో ప్రతి గీతనూ ఎవరో ఒకరు కావాలని గీయాలి. కనుక బిడ్డకు తెలియనిదాన్ని గీయకుండా వదిలేసే వీలు కళాకారుడికి ఉంది. ఈ మాధ్యమం బలం ఇక్కడే ఉంది.

4. 'అవుట్ ఆఫ్ సైట్' – స్థలం

నేషనల్ తైవాన్ యూనివర్సిటీ ఆఫ్ ఆర్ట్స్ విద్యార్థులు 2010లో రూపొందించిన ఈ చిత్రం నిడివి సుమారు 5 నిమిషాలు. చూపులేని ఒక చిన్నపాప, ఆమెకు తోడుగా ఒక కుక్క. దొంగ సంచి లాక్కొని పారిపోతే కుక్క అతని వెంటపడుతుంది. పాప ఒంటరిగా మిగులుతుంది. ఆమె తాకినవి, విన్నవి, వాసన పట్టినవి ఒక్కొక్కటిగా తెరపై రూపం కడతాయి.

ఇక్కడ పోలిక తలకిందులవుతుంది. పాపకు ఏమి లేదో లెక్కపెట్టడం మాని, ఆమె ఎలా తెలుసుకుంటుందో గమనిస్తాం. పరిమితి కూడా ఉంది. ఆమె ఊహాలోకం చూపున్నవారు ముచ్చటపడే రంగులతో నిండిపోయింది. ఒంటరితనపు భయం త్వరగా కరిగిపోతుంది. పైగా పాపకు కథ మొదటినుంచీ చూపు లేదు. చూపు 'పోవడం' అనే ప్రక్రియకు చిత్రంలో చోటు లేదు.

5. 'బ్లైండ్ వైషా' – కాలం

బల్గేరియాలో పుట్టి కెనడాలో స్థిరపడిన థియోడర్ ఉషెవ్ దీని దర్శకుడు. గియోర్గి గొస్పొదినోవ్ కథ ఆధారంగా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ ఆఫ్ కెనడా 2016లో నిర్మించింది. ఆస్కార్ నామినేషన్ కూడా పొందింది. వైషా ఎడమ కంటికి గతం మాత్రమే, కుడి కంటికి భవిష్యత్తు మాత్రమే కనిపిస్తాయి. పెళ్లాడటానికి వచ్చినవాడు ఒక కంటికి పసివాడు, మరో కంటికి ముదుసలి. రెండు కళ్లూ పనిచేస్తున్నా వర్తమానం కనిపించని ఆమెను ఊరు గుడ్డిదంటుంది. చెక్కపై చెక్కి అచ్చువేసినట్టుండే బరువైన గీతలు ఆ బాధకు తగినట్టు ఉన్నాయి.

ఇది జబ్బు గురించిన చిత్రం కాదు. అయినా వంశపారంపర్య దృష్టిలోపానికి అతి దగ్గరగా వచ్చే పోలిక ఇందులో ఉంది. రెటినైటిస్ పిగ్మెంటోసాలో ఒక రకానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉంటుంది. తల్లికి చూపు బాగానే ఉండవచ్చు. ఆమె అన్నదమ్ములకూ, కొడుక్కూ జబ్బు రావచ్చు. 'మేనమామ పోలిక' అని మనం మురిపెంగా అనే మాట అలాంటి ఇంట్లో ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. చేతికర్రతో నడిచే మేనమామలో ఆ పిల్లవాడు తన రేపటిని చూస్తాడు. అదే పిల్లవాడిలో మేనమామ తన నిన్నటిని చూసుకుంటాడు. వైషా రెండు కళ్లూ ఆ ఇంట్లో ఇద్దరు మనుషులకు పంపకమయ్యాయి. అయితే వైషాకు లేని అదృష్టం ఈ పిల్లవాడికి ఉంది: అతనికి వర్తమానం ఉంది. ఈ రోజు చదవగల పుస్తకం, ఈ రోజు ఆడగల ఆట ఉన్నాయి. వైషా కథను నిరాశగానే వదిలేసిన చిత్రం ఈ వైపు చూడలేదు.

6. సారాంశం

మొదటి చిత్రం స్థలాన్ని పట్టుకుంది, కాలాన్ని వదిలింది. రెండోది కాలాన్ని పట్టుకుంది, బిడ్డ దైనందిన జీవితాన్ని వదిలింది. వంశపారంపర్య దృష్టిలోపాన్ని చెప్పే చిత్రానికి రెండూ కావాలి. తల్లిని దోషిగా నిలబెట్టని సంయమనం కూడా కావాలి, ఎందుకంటే జన్యువును ఎవరూ ఎంచుకొని ఇవ్వరు. ఇలాంటి చిత్రాన్ని అంచనా వేసేటప్పుడు "కన్నీరు వచ్చిందా?" అని అడగకండి. "సాయంత్రం తడబడే పిల్లవాణ్ని రేపు బడిలో గుర్తుపట్టగలనా?" అని అడగండి.

7. మాదిరి ప్రశ్నలు

1. నల్లని చట్రం పద్ధతిలోని రెండు లోపాలను తెలపండి.
2. దృష్టిలోపాన్ని చిత్రించడంలో యానిమేషన్‌కు ఉన్న ప్రత్యేక వీలు ఏమిటి?
3. 'అవుట్ ఆఫ్ సైట్', 'బ్లైండ్ వైషా' చిత్రాలను స్థలం, కాలం ఆధారంగా పోల్చండి.