రైలుబడి రాసిన చేయి

ఒక చిన్నపిల్ల పర్సు బడి పాయిఖానా గొయ్యిలో పడిపోయింది. ప్రాణంగా చూసుకునే పర్సు. ఆ పిల్ల ఏడవలేదు, ఎవర్నీ పిలవలేదు. పొడుగాటి కాడ ఉన్న డిప్ప ఒకటి వెతికి తెచ్చి, గొయ్యి మూత తీసి తోడటం మొదలుపెట్టింది. పక్కన కుప్ప పెరుగుతోంది. పెద్దమాస్టారు అటుగా పోతూ ఏం చేస్తున్నావని అడిగారు. చెప్పింది. ఆయన వెళ్లిపోయారు. కాసేపటికి మళ్లీ వచ్చి, దొరికిందా అని అడిగి, తోడిందంతా తర్వాత లోపల వేసెయ్యాలన్న మాట స్నేహితుడిలా చెప్పి తన దారిన తాను పోయారు. పర్సు దొరకలేదు. పిల్ల కుప్పంతా గొయ్యిలోకి ఎత్తిపోసింది. తడి కొంత నేలలోకి ఇంకిందని గుర్తొచ్చి, ఆ పైమట్టి కూడా గీకి లోపల వేసింది.

మట్టి గీకిన ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఇలాంటప్పుడు మామూలు పెద్దవాళ్లు ఎలా మాట్లాడతారో ఆ తర్వాత రచయిత్రి రెండు ముక్కలు కలుపుతుంది. అవి లేకపోయినా నష్టం లేదు. నమ్మి వదిలేస్తే పిల్ల ఎంత దూరం ఆలోచిస్తుందో ఆ గీకిన మట్టే చెప్పేసింది.

తెత్సుకో కురొయనాగి 1981లో జపాన్‌లో అచ్చువేసిన ‘తొత్తోచాన్’ లోది ఈ ఘట్టం. తెలుగులో మనకది ‘రైలుబడి’. టోక్యోలో జియుగవొక స్టేషను దగ్గర ఈ పెద్దమాస్టారు సొసాకు కొబయాషి 1937లో పెట్టిన తొమొయె బడి, పాత రైలుపెట్టెల్లో తరగతులు, అంతా కలిపి యాభైమంది దాకా పిల్లలు. 1945 బాంబుదాడిలో బడి కాలిపోయింది. మన దగ్గర దీన్ని చదువు ఎలా చెప్పాలో నేర్పే పుస్తకంగా చేతుల్లో పెట్టడమే ఎక్కువ. ఉపాధ్యాయుల సభల్లో దీని పేరు వినపడినంతగా సాహిత్య సభల్లో వినపడదు. ఆ బడి గొప్పదే, కాదనను. కానీ బూడిదైన బడిని లోకం నిన్నమొన్న చూసొచ్చినట్టు చెప్పుకుంటోందంటే అది రాతలోని పనితనమే.

మొదటి సంగతి, కన్ను ఎక్కడ పెట్టిందన్నది. కథంతా ‘నేను’ అని కాక ‘తొత్తోచాన్’ అనే నడుస్తుంది. తెత్సుకో అనే తన పేరు తన చెవికి అలా వినపడేదట. ‘నేను’ అని ఉంటే యాభై ఏళ్లకు దగ్గరపడిన మనిషి తనను తాను ముద్దుచేసుకున్నట్టు ఉండేది. మూడో మనిషిగా నిలబెట్టేసరికి పిల్ల పక్కన చోటు ఖాళీ అయింది. ఆ చోట్లో మనం నిలబడతాం. బడి గేటు చూడండి. వేళ్లూ ఆకులూ ఉన్న రెండు బతికున్న చెట్ల మొదళ్లే గేటు స్తంభాలు. పెద్దవాళ్లయితే వింతగా ఉందనుకుని లోపలికి నడిచిపోతారు. గేటు పెరుగుతోంది కాబట్టి ఎప్పటికైనా టెలిఫోను స్తంభాన్ని మించిపోతుందని ఈ పిల్ల లెక్క వేస్తుంది. బడి పేరు బోర్డు గాలికి పక్కకి ఒరిగి ఉంటే తల కూడా అటే వంచి చదువుతుంది. వర్ణన అని విడిగా ఏమీ లేదు, మెడ వంపులోనే అంతా వచ్చేసింది.

రెండోది, దాచిపెట్టిన సంగతి. మొదటి అధ్యాయంలో తల్లీకూతుళ్లు రైలు దిగుతారు. పిల్ల ధ్యాసంతా చేతిలోని టికెట్టు మీద, దాన్ని తిరిగి ఇచ్చెయ్యబుద్ధి కాదు. తల్లికి మాత్రం గుండెల్లో దడ. ఒకటో తరగతిలోనే పిల్లను బడిలోంచి పంపేశారు, ఈ కొత్త బడి చేర్చుకుంటుందో లేదో. ఇది మనకు తెలుసు, పిల్లకు తెలియదు. ఇరవై దాటేదాకా తల్లి ఆ మాట ఆమెతో అనలేదు. అందువల్ల పుస్తకంలో ఎంత నవ్వొచ్చినా అడుగున చిన్న భయం కదులుతూనే ఉంటుంది.

పాత బడిలో చేసిన అల్లరిని రచయిత్రి పంతులమ్మ నోట పెట్టడం మరీ నేర్పు. బల్ల మూత ఎత్తడం, పుస్తకం తీయడం, మూత వేయడం. మళ్లీ ఎత్తడం, పెన్సిలు తీయడం, వేయడం. పాఠం పొడుగునా ఇదే. అది ఆపితే కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యగాళ్లను పిలవడం, చూరు కింది వానకోయిలలతో కబుర్లు. పిల్ల వైపునుంచి చెప్పి ఉంటే ఇది ముద్దుముద్దు కథ అయ్యేది. అలసిపోయిన పంతులమ్మ తల్లి ముందు ఒక్కొక్కటే ఏకరువు పెడుతుంటే మనకు నవ్వూ వస్తుంది, ఆవిడ మీద జాలీ వేస్తుంది. పంపేసిన బడిని కూడా రచయిత్రి దుర్మార్గుల కొంపగా చూపలేదు.

బడి చుట్టూ ఉన్న పేట కూడా ఇలాగే పిల్ల ఎత్తులోంచే కనపడుతుంది. భోజనాలయ్యాక పిల్లలు కుహొంబుత్సు గుడి దాకా షికారు పోతారు. దారిలో పూలను పట్టుకుని కేసరాలూ కీలాగ్రాలూ చూస్తారు, అది పాఠమని వాళ్లకు తెలియదు. స్టేషను దగ్గర ఒక కుర్రాడు చెట్టు బెరడు ముక్కలు అమ్ముతుంటాడు. కొరికితే చేదుగా ఉంటే ఒంట్లో జబ్బు ఉన్నట్టట. పిల్ల పెద్దమాస్టారి దగ్గర డబ్బు అప్పు తీసుకుని ఒక ముక్క కొంటుంది. ముందుగా ఆయన చేతే కొరికిస్తుంది. ఆయన శ్రద్ధగా రుచి చూసి చేదు లేదంటారు. తర్వాత బడి బడంతా కొరుకుతుంది, ఇంటి దగ్గర కుక్క రాకీ కూడా. ఎవరికీ చేదు లేదు. ఆ కుర్రాడిని నిలదీయాలన్న ఆసక్తి రచయిత్రికి లేదు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారన్న పిల్ల సంబరాన్ని చివరిదాకా సాగనిస్తుంది.

యుద్ధం కూడా ఇలాంటి సందుల్లోంచే లోపలికి వస్తుంది. స్టేషను మెట్ల కింద డబ్బులు వేస్తే మిఠాయి ఇచ్చే యంత్రం ఒకటుంది. అందులో సరుకు అయిపోయింది, మళ్లీ నింపేవాళ్లు లేరు. పిల్ల మాత్రం ఆశ వదలదు, నాణెం వేసి చూస్తుంది. వేసిన నాణెం చప్పుడు చేస్తూ వెనక్కి వచ్చేస్తుంది. ఏ దేశం ఏ దేశం మీద పడిందో చెప్పే పేరాలు ఇంత పని చేయలేవు.

పోలియో వచ్చిన యసుఆకి అనే పిల్లాడిని తొత్తోచాన్ తన చెట్టు మీదికి ఎక్కించే ఘట్టం చాలామందికి గుర్తుంటుంది. నిచ్చెన వేయడం, అది చాలక మడత నిచ్చెన ఈడ్చుకురావడం, చెమటలు. నేను మెచ్చేది ఆ తర్వాతి కొమ్మ మీది కబుర్లు. అమెరికాలో ఉన్న అక్క చెప్పిందని, టెలివిజన్ అనే పెట్టెలో ఇంట్లోనే కుస్తీలు చూడొచ్చని ఆ అబ్బాయి చెబుతాడు. అంత లావు వస్తాదులు పెట్టెలో ఎలా పడతారా అని పిల్ల ఆలోచన. ఈ మాటలు రాస్తున్నది జపాన్ టెలివిజన్‌లో మొదటి తరం నటి. 1976 నుంచి ‘తెత్సుకో గది’ అనే కార్యక్రమంతో రోజూ ఆ పెట్టెలోనే కనపడుతున్న మనిషి. ఆ గొప్ప చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు, అయినా అక్కడ ఆమె కొమ్మ దిగి రాలేదు.

బొమ్మల మాట కూడా చెప్పాలి. చిహిరో ఇవసాకి 1974లోనే పోయింది, అంటే ఆ నీటిరంగుల బొమ్మలేవీ ఈ పుస్తకం కోసం వేసినవి కావు. ఉన్నవాటిలోంచి ఏరి తెచ్చి పక్కన పెట్టారు. గీత గట్టిగా లేకుండా రంగు తడిలో పాకిన ఆ మొహాలు ఏ పిల్లవైనా కావచ్చు. తొత్తోచాన్ మొహాన్ని అచ్చు గుద్దినట్టు గీసి ఉంటే మన ఊరి పిల్లను అందులో చూసుకునే వీలుండేది కాదు.

లోటు లేదనను. పెద్దమాస్టారు ఒక్కసారైనా విసుక్కుంటే బాగుండుననిపిస్తుంది. తరగతి పంతులమ్మ మీద ఆయన కోప్పడే చిన్న ఘట్టమొకటి ఉంది, అదీ ఒక పిల్లాడి మనసు నొచ్చిందనే. నడుమ కొన్ని ప్రయాణాల అధ్యాయాలు తేలిపోతాయి. ఆటల పోటీల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ పట్టు దొరుకుతుంది. ఎదుగుదల ఆగిపోయి కాళ్లూ చేతులూ పొట్టిగా ఉండిపోయిన తకహాషి అన్ని పందాల్లోనూ మొదట వస్తాడు. మెట్ల మీద పందెంలో ఒక్కొక్క మెట్టే ఎక్కాలి, గుడ్డతో చేసిన చేప పొట్టలోంచి దూరి బయటికి రావాలి. పొడుగు పిల్లలు తంటాలు పడుతుంటే అతను సులువుగా దాటిపోతాడు. బహుమతులేమో ముల్లంగి, పాలకూర. పందాల కొలతలు ఎవరిని మనసులో పెట్టుకుని తీశారన్నది రచయిత్రి పరుగు పూర్తయ్యాకే తడుముతుంది. ముందే చెప్పి ఉంటే మనం ఆ అబ్బాయి మీద జాలిపడుతూ చూసేవాళ్లం. ఇప్పుడు అతను గెలవడం చూసి ఆశ్చర్యపోతాం.

పుస్తకం చివర రచయిత్రి తన గొంతుతో కొన్ని పేజీలు రాసింది. ‘నేను’ వచ్చేది అక్కడే. కొబయాషి 1963లో పోయారు, ప్రాథమిక బడి మళ్లీ కట్టలేకపోయారు. పెద్దయ్యాక అక్కడే పంతులమ్మనవుతానని ఆయనకు ఇచ్చిన మాట ఆమె చెల్లించలేకపోయింది. ఆ తర్వాత తోటిపిల్లలు ఎవరు ఏమయ్యారో వరసగా, అలంకారాలు లేకుండా రాసింది. తాయ్‌చాన్ భౌతికశాస్త్రవేత్త అయి అమెరికాలో ఫెర్మీల్యాబులో చేరాడు. తకహాషి ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే పనిలో కుదిరాడు. కొత్తగా పుస్తకం పట్టేవాళ్లు ఈ వెనక పేజీలు ముందుగా తిప్పకుండా ఉంటేనే మంచిది.