కుట్టు తెలిసిన కళ్లు

ఈ ఏడాది నేను రెడీమేడ్ బట్టలు కొనలేదు. కుర్తాలు, పైజామాలు, జాకెట్లు, లంగాలు అన్నీ నేనే కత్తిరించి కుట్టుకున్నాను. డబ్బు ఆదా చేద్దామని మొదలుపెట్టిన పని కాదు. నా భుజానికి సరిపోయే కుర్తా, ఫోనూ తాళాలూ పట్టే జేబూ ఏ షాపులోనూ దొరక్క మొదలుపెట్టాను. ఏడాది తిరిగేసరికి బీరువా కన్నా నా చూపే ఎక్కువ మారింది. ఇప్పుడు ఎవరి ఒంటి మీద ఏ బట్ట చూసినా భుజం కుట్టు ఎక్కడ కూర్చుందో, చంక ఎంత దింపారో, కింద అంచు ఎలా మడిచారో ముందు కనిపిస్తుంది. ఆ కుట్టు వేసిన మనిషి గుర్తొస్తుంది.

కుట్టడమంటే మిషను తొక్కడమేనని చాలామంది అనుకుంటారు. సగానికి పైగా పని మిషను దగ్గర కూర్చోకముందే జరుగుతుంది. నూలు బట్ట తడిస్తే కుంచించుకుపోతుంది కనుక ముందే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. తర్వాత పడుగు ఎటు, పేక ఎటు అన్నది చూసుకోవాలి. మగ్గం మీద బిగువుగా నిలిచిన పడుగు దారం అంత తేలిగ్గా సాగదు. దాన్ని నిలువుకు పెట్టి కత్తిరిస్తే కుర్తా ఒంటి మీద తిన్నగా దిగుతుంది. అదే బట్టను ఐమూలగా లాగితే సాగుతుంది. మెడ వంపు చుట్టూ తిరగాల్సిన పట్టీని క్రాస్‌లో కత్తిరించేది అందుకే. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9. దానికి లూజు కలిపి, కుట్లకు వదిలి, నాలుగు మడతల మీద చాక్‌తో గీస్తాం. ఆ లూజు ఎంతన్నది బట్టను బట్టి ఉంటుంది. పల్చటి మల్లుకు చాలింది దళసరి ఖద్దరుకు చాలదు.

మన మగ్గాల బట్టలతో కుట్టడం వల్ల నేత గురించి కూడా కొంత తెలిసింది. పోచంపల్లి ఇకత్‌లో రంగు బట్టకు కాదు, నేతకు ముందే నూలుకు అద్దుతారు. అందువల్ల రెండు వైపులా డిజైను ఒకేలా ఉంటుంది, ఉల్టా అనేదే ఉండదు. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి ముక్కలను ఎటు తిప్పైనా సర్దుకోవచ్చు. పెడన కలంకారీ అచ్చుల్లో తీగలూ పువ్వులూ ఒకే దిక్కు చూస్తుంటే ముక్కలన్నీ అదే దిక్కున కత్తిరించాలి, బట్ట ఎక్కువ పడుతుంది. మంగళగిరి బట్టకు నేసిన అంచు ఉంటుంది. దాన్ని కుర్తా అడుగుకు వచ్చేలా పెట్టుకుంటే పోగులు ఊడవు, మడిచి కుట్టే పనీ తప్పుతుంది. అయితే అంచు అడ్డంగా రావాలంటే పడుగు కూడా అడ్డంగానే వస్తుంది, అందుకని వేలాడే తీరు కొంచెం మారుతుంది. ఏది కావాలో కత్తెర పట్టకముందే తేల్చుకోవాలి. పాత పద్ధతి కుర్తాలు ఎక్కువగా దీర్ఘచతురస్రాలు, పొడుగు పట్టీలు, కలీలనే ఏటవాలు ముక్కలతో, చంక కింద చిన్న చదరపు ముక్కతో ఎందుకు ఉండేవో కత్తిరిస్తుంటే అర్థమైంది. చేత్తో నేసిన బట్టలో జానెడు కూడా పారెయ్యకూడదన్న ఆలోచన ఆ కొలతల్లో ఉంది.

మా వీధిలో మిషను పెట్టుకున్న పెద్దాయన దగ్గర నేర్చుకున్న విషయం ఇంకొకటి ఉంది. చంక కిందికి దింపితే వదులుగా, హాయిగా ఉంటుందని అందరం అనుకుంటాం. ఆయన నన్ను అద్దం ముందు నిలబెట్టి, "చెయ్యి పైకెత్తి చూడమ్మా" అన్నారు. చంక కిందికి దిగిన కుర్తా చెయ్యి ఎత్తగానే మొత్తం పైకి లేచింది. చంక దగ్గరగా ఉన్నది కదలకుండా నిలబడింది. అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. నా రెండు భుజాలు ఒకే ఎత్తులో లేవు. చాలామందికి ఉండవట. మీడియం, లార్జ్ అనే అచ్చుల్లో ఆ తేడాకు చోటు లేదు. వేలమందికి ఒకే కొలతతో కత్తిరిస్తారు కనుక, అది సరిపోకపోతే లోపం మన ఒంట్లోనే ఉందనుకుంటూ ఏళ్లు గడిపేస్తాం. టేపు చేతిలోకి వచ్చాక ఆ భావం పోయింది. ఒళ్లు ఎలా ఉంటే కొలత అలా రాసుకోవడమే. ఆడవాళ్ల బట్టలకు జేబు లేకపోవడం కూడా అలాంటి అన్యాయమే. పక్క కుట్టులో జానెడు లోతు జేబు కలపడానికి పట్టేది కాస్త బట్ట, కాస్త సమయం.

మిషను దగ్గర కూర్చున్నాక ముఖ్యమైంది రెండు దారాల పొందిక. సూదిలోంచి దిగే దారం, బాబిన్‌లోంచి వచ్చే దారం బట్ట మందంలోనే మెలిపడాలి. పై దారం బిగిస్తే కింద దారం పైకి తేలుతుంది. ఈ కుట్టు వేసే మిషనుకే అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంట్ పొందాడు. యంత్రాల మీద అంత అనుమానం ఉన్న గాంధీజీ 1924లో ఒక సంభాషణలో కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. చేత్తో కుట్టలేక భార్య పడే కష్టం చూసి, ఆమె మీది ప్రేమతోనే, కుట్టు మిషన్ల కంపెనీకి పేరిచ్చిన సింగర్ దాన్ని తయారుచేశాడన్నారు.

ఆ మిషను వచ్చి ఇన్నేళ్లయినా చొక్కాను తనంతట తాను కుట్టే యంత్రం ఫ్యాక్టరీల్లో మామూలు వాడుకలోకి రాలేదు. బట్ట మెత్తన. పట్టుకుంటే వంగుతుంది, వదిలితే జారుతుంది. దాన్ని సూది కిందికి సరిగ్గా నడిపించాలంటే వేళ్లు కావాలి. నేతలో చాలా భాగం మరమగ్గాలకు వెళ్లిపోయింది. కుట్టు ఇంకా చేతుల్లోనే ఉంది. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని దుస్తుల ఫ్యాక్టరీలకు చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడవాళ్లు వెళ్తున్నారు. ఒకరు కాలరు, ఒకరు చెయ్యి, ఒకరు కాజా, రోజంతా అదే. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావార్‌లో ఇలాంటి ఫ్యాక్టరీలే ఉన్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చినా కార్మికులను పనిలోకి పిలిచారు. ఒక కాలరు మొన తిన్నగా తిప్పడానికి ఎంత ఏకాగ్రత కావాలో చేతికి తెలిశాక ఆ లెక్క నాకు వార్తలా అనిపించడం మానేసింది. కారుచౌక చొక్కా చూసినప్పుడల్లా ఈ ధర కోసం ఎవరి సమయం కోత పెట్టారని అడుగుతున్నాను.

మన ఊళ్లలో తరతరాలుగా కుట్టుపనినే నమ్ముకున్న మేరవాళ్లకు రెడీమేడ్ రాకతో పని తగ్గిపోయింది. మిషను కొనుక్కుని ఇంట్లోనే జాకెట్లు కుట్టి పిల్లలను చదివిస్తున్న ఆడవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. లైనింగు జాకెట్టు ఒక్కటి కుట్టాలంటే నాకు ఒక పూట పడుతుంది. పండగ ముందు వాళ్లు ఒక్క రాత్రిలో ఎన్ని కుడతారో మనకు తెలుసు. అయినా పట్టుచీరకు వేలు పోసి, కుట్టుకూలి దగ్గరకు వచ్చేసరికి బేరం మొదలుపెడతాం. ఆ బేరం మానేద్దాం. చెప్పిన రోజుకు ఇవ్వమని అడగడానికి మనకు ఎంత హక్కుందో, పని తీరిన రోజే డబ్బు అందుకోవడానికి వాళ్లకూ అంతే హక్కుంది.

అందరూ తమ బట్టలు తామే కుట్టుకోవాలని నేననను. కానీ గుండీ కుట్టడం, ఊడిన కుట్టు వెయ్యడం, చిరుగుకు అతుకు పెట్టడం ప్రతి బడిలో నేర్పాలి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా. ఒక్కసారి కుట్టి చూసినవాళ్లు బట్టను తేలిగ్గా పారెయ్యరు, కుట్టినవాళ్ల కూలిని తేలిగ్గా తగ్గించరు. వచ్చే ఏడాదీ నేను కుట్టుకుంటాను. మా వీధి పిల్లల్లో నేర్చుకుంటామని వచ్చినవాళ్లకు నేర్పుతాను కూడా.