ప్రొఫెసరుగారి పాతాళయాత్ర

మొన్న ఎండాకాలంలో మా అమ్మాయి ఓ లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసి, "చదివాక నీకో ప్రశ్న ఉందమ్మా" అంది. జూల్స్ వెర్న్ 1864లో ఫ్రెంచిలో రాసిన భూగర్భయాత్ర నవల, ఇంగ్లీషు అనువాదం. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. సైన్సు నవలంటే ఆమడ దూరం. అయినా బెజవాడ ఎండల్లో బయటికెళ్ళే యోగం ఎలాగూ లేదుకదా అని ఫ్యాను కింద చాప పరుచుకున్నాను.

హాంబర్గులో లీడెన్‌బ్రాక్ అనే ప్రొఫెసరుగారికి పాత పుస్తకంలో ఓ తోలు కాగితం దొరుకుతుంది. ఐస్‌లాండులోని అగ్నిపర్వతం బిలంలో దిగితే భూమి నడిబొడ్డుకి చేరవచ్చని ఎవరో రసవాది గూఢలిపిలో రాసి పెట్టాడు. ఇంకేం, ప్రయాణం! వెంట ఆక్సెల్. అన్నకొడుకో, అక్కకొడుకో వాళ్ళ భాషలో తేడా తెలీదు. మనం మేనల్లుడనుకుందాం. 'పాతాళ భైరవి'లో తోటరాముడు రాకుమారి కోసం సాహసానికి దిగితే, ఈయన మాత్రం ఊరికే తెలుసుకోవడం కోసం దిగాడు. అది నాకు నచ్చింది.

అంతకన్నా నచ్చింది ఆకలి. ఆ లిపి విడిపోయేదాకా ఇంట్లో ఎవరికీ భోజనం లేదట! వంటమనిషి మార్తా బజారుకెళ్దామంటే వీధి తలుపు తాళంచెవి ప్రొఫెసరు జేబులో ఉంది. గుట్టు ఆక్సెల్‌కి ముందే తెలిసిపోయింది. చెబితే ఈ మొండిమనిషి నిజంగానే బయల్దేరతాడని భయపడి నోరు మూసుకున్నాడు. కానీ మర్నాటి మధ్యాహ్నానికి కడుపు కాలి కక్కేశాడు. ఇంత పెద్ద సాహసయాత్రకి మూలం ఒక పూట అన్నం! ఈ సంగతి రాయగలిగినవాడు ఇల్లు తెలిసినవాడే.

దాహం ఘట్టం కూడా అంతే. సొరంగంలో నీళ్ళు అయిపోయి ఆక్సెల్ పడిపోతే, ప్రొఫెసరు అతనికోసం దాచి ఉంచిన చివరి గుక్క పోస్తాడు. తర్వాత వాళ్ళ దారిచూపరి హాన్స్ రాతిగోడ వెనక సవ్వడి విని, గునపంతో పొడిస్తే మరిగే నీళ్ళు చిమ్ముతాయి. దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడేవి. మంచినీళ్ళ బిందె ఎంత దూరాన్నించి మోసేవారో చూసినదాన్ని గనక ఆ పేజీలు రెండుసార్లు చదివాను.

హాన్స్ మాట చెప్పకపోతే పాపం. భూమి అడుగున ఉన్నా సరే, శనివారం సాయంత్రం ఠంచనుగా మూడు డాలర్ల జీతం పుచ్చుకుంటాడు. అక్కడ ఖర్చుపెట్టే చోటేదీ! నవ్వొచ్చింది. కానీ ఇన్ని వందల పేజీల్లో ఒక్కసారైనా ఆ మనిషి ఏమనుకుంటున్నాడో రచయిత అడగడు.

లోపాలంటే సైన్సు లోపాలని అందరూ అంటారు. భూమి లోపల వేడి మాటేమిటని ఆక్సెల్ ముందే వాదిస్తాడు, మామయ్య కొట్టిపారేస్తాడు. రష్యాలో కోలా దగ్గర పన్నెండు కిలోమీటర్ల లోతుకి తవ్వేసరికే 180 డిగ్రీలు తగిలింది. కేంద్రానికి 6,371 కిలోమీటర్లు! పోనిద్దురూ, కథకి ఆ మాత్రం స్వేచ్ఛ ఇవ్వకపోతే మన పురాణాలేం కావాలి? నాకు విసుగొచ్చింది రాళ్ళ పేర్ల జాబితాల దగ్గర. కిరాణా చీటీ నయం. 1867 ముద్రణలో కొన్ని అధ్యాయాలు కొత్తగా చేర్చారు. వాటిలో ఒక రాక్షసాకారపు పశువుల కాపరి కనిపించి మాయమైపోతాడు, మళ్ళీ ఊసే లేదు. రవికకి వేరే గుడ్డ అతుకేసినట్టుంది. పైగా ఇంత చేసీ వాళ్ళు కేంద్రానికి చేరనే చేరరు. అగ్నిపర్వతం వాళ్ళని ఇటలీలో కక్కేస్తుంది.

అసలు లోపం మా అమ్మాయి ప్రశ్నలో ఉంది. "గ్రౌబెన్ ఎందుకు వెళ్ళలేదమ్మా?"

గ్రౌబెన్ ప్రొఫెసరు పెంచిన పిల్ల, పదిహేడేళ్ళది. ఆ ఇంట్లో రాళ్ళకి చీటీలు అంటించేది ఆక్సెల్‌తో పాటు ఆవిడే. ఖనిజాల గురించి పండితులకే పాఠం చెప్పగలదు. ఆక్సెల్ వణుకుతుంటే వెళ్ళమని ధైర్యం చెప్పేదీ ఆవిడే. తనూ వచ్చేదాన్నే గానీ ఆడపిల్ల బరువవుతుందని ఆవిడ చేతే అనిపించి, రచయిత చేతులు దులుపుకున్నాడు! సముద్రంలో మహాసరీసృపాల యుద్ధం ఊహించినవాడికి ఒక అమ్మాయిని నిచ్చెన దింపడం ఊహకందలేదు. కాలం అలాంటిదనొచ్చు. కానీ ఆ కాలంలోనే, ఈ పుస్తకంలోనే, ఆవిడకి అంత చదువు ఇచ్చిందీ ఆయనే కదా!

నేను ఆ మాట అనలేదు గానీ అలాగే ఆగిపోయాను. కాలేజీలో అందరూ హంపీ చూడ్డానికి వెళ్తే, ఆడపిల్లని అన్ని రాత్రులు బయట ఉంచడమా అని మా ఇంట్లో పంపలేదు. విజయనగరం గురించి పరీక్షలో మంచి మార్కులు నాకే వచ్చాయి.

మా అమ్మాయి ఎమ్మెస్సీ జియాలజీకి విశాఖపట్నం వెళ్తానంటోంది. దగ్గర్లో ఏదైనా చూసుకోమని వాళ్ళ నాన్నగారు. నేనేమీ వాదించలేదు, పుస్తకం ఆయన మంచం పక్కన పెట్టాను. నిన్న రాత్రి అడిగితే ఇంకా ఐస్‌లాండు చేరలేదన్నారు.