కెమెరా తాళం ఎవరి చేతిలో?

2025 జులై 21న సి.బి.ఎస్.ఇ. తన అనుబంధ నిబంధనలను సవరించింది. ప్రతి బడిలో మాటలు కూడా రికార్డు చేసే సి.సి. కెమెరాలు పెట్టి తీరాలన్నది. గేట్లు, వరండాలు, మెట్లు, తరగతి గదులు, లైబ్రరీ, క్యాంటీన్, ఆటస్థలం, ఇలా మరుగుదొడ్లు తప్ప అన్నిచోట్లా. రికార్డును కనీసం 15 రోజులు దాచాలి. నవోదయ, కేంద్రీయ విద్యాలయాలూ ఈ బోర్డు కిందివే కనుక ఇది మన పిల్లల సంగతి కూడా.

పిల్లల రక్షణ కోసమేనంటున్నారు. ఎవరి నుంచి? అసాంఘిక శక్తుల నుంచి, వేధింపుల నుంచి అట. కులం అనే మాట ఎక్కడా లేదు. బడిలో కులం చూపేవాడు చాలాసార్లు పంతులు కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. రికార్డు ఉండేదేమో ఆయన యాజమాన్యం దగ్గర. అవసరమైతే అధికారులకు చూపాలన్నారు గానీ, తల్లిదండ్రులు అడగొచ్చని రాయలేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే ఉంది.

15 రోజుల లెక్క చూద్దాం. 2022లో రాజస్థాన్ జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ల దళిత బాలుణ్ణి, కుండలో నీళ్లు ముట్టుకున్నందుకు పంతులు కొట్టాడని కుటుంబం చెప్పింది. కొట్టింది జులై 20న. ఆస్పత్రుల చుట్టూ తిప్పగా తిప్పగా పిల్లవాడు ఆగస్టు 13న చనిపోయాడు. మధ్యలో 24 రోజులు. అసలు కుండ ఉందా లేదా అని ఆ తర్వాత వాదులాడుకున్నారు. ఈ నిబంధన అప్పుడే ఉండి, ఆ బడి దాన్ని అక్షరాలా పాటించి ఉన్నా, వాదన తేల్చగల రికార్డు చెరిపేసి అప్పటికి 9 రోజులయ్యేది. తప్పు పట్టడానికీ ఉండేది కాదు!

మన వాడల్లో ఫిర్యాదు ఆలస్యంగానే కదులుతుంది. కూలి పోగొట్టుకుని బడికి రావాలి. పెద్దమనుషులు రాజీ అంటారు. టి.సి. ఇచ్చి పంపుతామని బెదిరింపు ఒకటి. పక్షం రోజులు ఇట్టే అయిపోతాయి.

మరుగుదొడ్లను మినహాయించడం సరైనదే, అక్కడ కెమెరా ఎవరూ అడగరు. అయితే దళిత పిల్లల చేత బడి మరుగుదొడ్లు కడిగిస్తున్నారని 2014లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక చెప్పింది. అది పరిశీలించిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. బకెట్టు పట్టుకుని వెళ్లే పిల్లలు వరండా కెమెరాలో కనబడతారు. ఆ కోణంలో చూసే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

కెమెరాలే వద్దనే మిత్రులున్నారు. పిల్లల ప్రతి మాటా రికార్డవడం మాకూ నచ్చలేదు. కానీ పెట్టేశారు కదా. ఇక ఫిర్యాదు అందిన గంటలోనే రికార్డు సీలు చేయాలని, నకలు తల్లిదండ్రులకు ఇవ్వాలని, గడువు ఆరు నెలలకు పెంచాలని, చూసే కమిటీలో ఎస్.సి., ఎస్.టి. తల్లిదండ్రులు ఉండాలని బోర్డును అడుగుతున్నాం.