భంగు, బాదం, పైత్యరసం

కాశీలో గోదౌలియా కూడలి దగ్గరి ఠండాయి దుకాణాల్లో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: భంగు వెయ్యాలా, వద్దా? కేదార్ ఘాట్ చుట్టుపక్కల సత్రాల్లో దిగే మనవాళ్ళలో చాలామంది వద్దంటారు. కొందరు కొంచెం వెయ్యమంటారు. రెండో ప్రశ్న ఎవరూ అడగరు: ఏం తిని వచ్చారు? ఆ గ్లాసు ఎప్పుడు పనిచేస్తుంది, ఎంతసేపు పట్టి ఉంచుతుంది అన్న విషయంలో మోతాదు తర్వాత పెద్ద వాటా ఈ ప్రశ్నదే. ఎందుకో తెలియాలంటే గ్లాసు తయారయ్యే పనితనాన్నీ, అది లోపలికి వెళ్ళాక జరిగే పనితనాన్నీ వరసగా చూడాలి.

భంగు అంటే గంజాయి మొక్క ఆకు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి అని పిలిచేది పూతను, కాయను. పూతతో కలవని ఆకు ఆ నిర్వచనంలో లేదు. అందుకే ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు దుకాణాలు దాన్ని బాహాటంగా అమ్ముతాయి. ఎండిన ఆకును నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడుగుతారు. మట్టి పోతుంది, చేదులో కొంత పోతుంది. ఉండవలసినది మాత్రం ఉండిపోతుంది. మత్తు కలిగించే టీహెచ్‌సీ నీటికి దాదాపు లొంగదు. లీటరు నీటిలో 3 మిల్లీగ్రాములైనా కరగదు. రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ ఇజ్రాయెల్‌లో దాన్ని శుద్ధంగా వేరుచేసి నిర్మాణం తేల్చింది 1964లో. నీళ్ళతో ఏది పోతుందో ఏది పోదో కాశీవాళ్ళ చేతులకు అంతకు ఎన్నో తరాల ముందే తెలుసు.

కడిగిన ఆకును మిరియాలతో కలిపి సన్నికల్లు మీద పొత్రంతో నూరుతారు. ఈ నూరుడులో తొందరపాటు పనికిరాదు. ఆకు మీద జిగురు నింపుకున్న సూక్ష్మమైన గ్రంథులుంటాయి. వాటి తలలు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండవు. టీహెచ్‌సీ దాగి ఉండేది ఆ జిగురులో. రాయి మీద రాయి నడుస్తుంటే ఆ తలలు పగిలి జిగురు బయటికొస్తుంది. బయటికొచ్చాక అది చేరడానికి కొవ్వు కావాలి. ఆ ఏర్పాటు వేరే గిన్నెలో సిద్ధంగా ఉంటుంది: నానబెట్టి పొట్టు తీసిన బాదం, గసగసాలు, ఖర్బూజా గింజలు, వాటితోపాటు వాసనకు సోంపు, యాలకులు, గులాబీ రేకులు. బాదం బరువులో దాదాపు సగం నూనే. గసగసాల్లోనూ నూటికి 40 పైనే. ఆపైన పాలు, అవి గేదెపాలైతే వాటిలోనే 6, 7 శాతం వెన్న. పాలలోని ప్రొటీన్లు ఈ నూనెను సన్నటి బొట్లుగా విడదీసి, మళ్ళీ ఒక్కటై పైకి తేలిపోకుండా పట్టి ఉంచుతాయి. పల్చటి గుడ్డలో వడకట్టేసరికి పిప్పి గుడ్డలో మిగిలి, జిగురు కరిగిన కొవ్వు గ్లాసులోకి దిగుతుంది. రుచి కోసం వేశారనుకునే దినుసుల్లో సగం ఇక్కడ వాహనాలు.

ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంటుంది. పచ్చి మొక్కలో టీహెచ్‌సీ ఆమ్లరూపంలో ఉంటుంది, దానికి మత్తు లేదు. ఎండ, నిల్వ, వేడి తగిలేకొద్దీ ఆ ఆమ్లం కార్బన్ డయాక్సైడును వదిలి అసలు టీహెచ్‌సీగా మారుతుంది. ఎంత మారిందో చూపుకు తెలియదు. అందుకే ఒకే పరిమాణపు భంగు ముద్ద ఒక దుకాణంలో మెతకగానూ, పక్క దుకాణంలో మొండిగానూ ఉండగలదు.

ఇక కడుపులోకి. పొగగా పీలిస్తే టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలో కలిసి నిమిషాల్లో మెదడు చేరుతుంది. మింగినదానికి అంత దగ్గరి దారి లేదు. జీర్ణాశయం ఖాళీగా ఉంటే ద్రవం తొందరగానే చిన్నపేగులోకి జారుతుంది. అప్పటికే కచోడీ, జిలేబీ తిని ఉంటే సంగతి వేరు. పేగుకు కొవ్వు తగలగానే ఒక హార్మోను విడుదలై, జీర్ణాశయాన్ని నిదానించమంటుంది, పిత్తాశయాన్ని ముడుచుకోమంటుంది. పిత్తాశయం నుంచి పైత్యరసం దిగుతుంది. తలంటినప్పుడు కుంకుడు నురుగు నూనెను పట్టుకుని నీళ్ళలోకి లాగినట్టే పైత్య లవణాలు కొవ్వును చుట్టుముట్టి, నీటిలో తేలగల అతి సూక్ష్మమైన గుళికలుగా కడతాయి. నీటికి లొంగని టీహెచ్‌సీ ఆ గుళికల్లో కూర్చుని పేగు గోడ చేరుతుంది. కొవ్వు లేని కడుపులో పైత్యం అంతగా దిగదు, గుళికలు తక్కువ, ఎక్కి కూర్చునే చోటూ తక్కువే.

పేగు గోడ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఈ శరీర నిర్మాణం మొత్తంలో నాకు అన్నిటికంటే అందంగా తోచేది ఈ చీలికే. మొదటిది పోర్టల్ సిర. పేగు నుంచి వచ్చే రక్తమంతా దీని ద్వారా కాలేయానికి వెళ్ళి, అక్కడ తనిఖీ అయ్యాకే మిగతా ఒంటికి చేరుతుంది. మింగిన టీహెచ్‌సీలో నూటికి 90 పైగా పేగు పీల్చుకున్నా, ఈ తనిఖీ దాటి రక్తంలో తిరగగలిగేది 10 నుంచి 20 వంతులే. మిగిలినదాన్ని కాలేయంలోని ఎంజైములు మార్చేస్తాయి. ఆ మార్పులో మొదట పుట్టే పదార్థానికి 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీ అని పేరు. ఇదీ మత్తు పదార్థమే, మెదడులోకి సులువుగా దూరుతుంది. పొగ పీలిస్తే ఇది కొద్దిగానే పుడుతుంది. మింగినప్పుడు మాత్రం రక్తంలో అసలు టీహెచ్‌సీకి దాదాపు సమానంగా ఉంటుంది. భంగు మత్తు వేరు, పొగ మత్తు వేరు అని వాడినవాళ్ళు చెప్పే మాట ఊహ కాదు, కాలేయం చేసిన పని.

రెండో దారి కొవ్వుకు మాత్రమే తెరుచుకుంటుంది. పేగు కణం తనలోకి వచ్చిన పొడుగు గొలుసుల కొవ్వు ఆమ్లాలను మళ్ళీ కూర్చి, పైన ప్రొటీను పొర తొడిగి, కైలోమైక్రాన్ అనే పెద్ద బొట్టుగా తయారుచేస్తుంది. ఆ బొట్టు రక్తకేశనాళిక గోడలోంచి దూరలేదు. కాబట్టి పక్కనున్న శోషరస నాళంలోకి వెళుతుంది. అక్కడినుంచి ఛాతీ గుండా పైకి ఎక్కి, మెడ మొదట్లో ఎడమవైపు పెద్ద సిరలో కలుస్తుంది. కాలేయం మొదటి తనిఖీ తప్పిపోయినట్టే. టీహెచ్‌సీ కొవ్వుప్రియం కాబట్టి కొంత ఈ బొట్లలో ఎక్కి ప్రయాణిస్తుంది. బాదం, నువ్వులు, గసగసాల నూనెల్లో ఉండేవి ఇలాంటి పొడుగు గొలుసులే. గొలుసు పొట్టిదైతే కొవ్వు ఆమ్లం చాలావరకు పోర్టల్ సిరలోకే పోతుంది. 2016లో నాటింగ్‌హామ్ పరిశోధకులు ఎలుకలకు నూనెతో కలిపి ఇచ్చినప్పుడు రక్తానికి అందిన టీహెచ్‌సీ 2.5 రెట్లు, దాని తోబుట్టువు సీబీడీ 3 రెట్లు పెరిగాయి.

మందుల తయారీదారులు ఇదే దారిని కొలతలతో పట్టుకున్నారు. అమెరికాలో 1985లో అనుమతి పొందిన మారినాల్ అనే గొట్టం మందులో ఉన్నది ప్రయోగశాలలో తయారైన టీహెచ్‌సీ. దాన్ని కరిగించింది నువ్వుల నూనెలో. బాదం పాలు చేసే పనిని ఇక్కడ ఒక చిన్న నూనె చుక్క చేస్తుంది. కొవ్వు దండిగా ఉన్న భోజనంతో వేసుకుంటే రక్తంలో శిఖరానికి చేరడం సుమారు 4 గంటలు ఆలస్యమవుతుందనీ, మొత్తంమీద ఒంటికి అందేది 2.9 రెట్లవుతుందనీ దాని సమాచార పత్రం చెబుతుంది. శిఖరం ఎత్తు మాత్రం చెప్పుకోదగ్గంత మారదు. అంటే తిన్నవాడికి దెబ్బ మరింత గట్టిగా తగలదు, ఆలస్యంగా వచ్చి చాలాసేపు కూర్చుంటుంది. ప్రమాదం ఉన్నది సరిగ్గా ఇక్కడ. గంట దాటినా ఏమీ అనిపించక రెండో గ్లాసు తాగినవాడికి రెండూ కలిసి వస్తాయి.

సీబీడీ కథ ఇంకా తీవ్రం. పిల్లల్లో వచ్చే మొండి మూర్ఛలకు 2018లో అనుమతి పొందిన ఎపిడియోలెక్స్ కూడా నువ్వుల నూనె ద్రావణమే, అందులో ఉన్నది సీబీడీ. కొవ్వు భోజనంతో దాని శిఖరం సుమారు 5 రెట్లు, మొత్తం 4 రెట్లు పెరుగుతుంది. ఒక రోజు ఖాళీ కడుపున, మరో రోజు పూరీలతో ఇస్తే ఒకే చెంచా రెండు వేర్వేరు మోతాదులవుతుంది. అందుకే భోజనంతో ఇచ్చినా భోజనం లేకుండా ఇచ్చినా, రోజూ ఒకే తీరులో ఇవ్వమంటారు.

ఇంతవరకూ తిండి మందును మార్చడం చూశాం. మందు తిండిని మార్చే దారీ ఉంది. మెదడులోని హైపోథాలమస్‌లో, కడుపు నిండిందని చెప్పే నాడీకణాలు కొన్ని ఉన్నాయి. గంజాయి గ్రాహకాలు మేల్కొన్నప్పుడు ఇవే కణాలు తిరగబడి, తృప్తి సంకేతానికి బదులు ఎండార్ఫిన్ విడిచి, తిండి వైపు తోస్తాయని 2015లో యేల్ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. భంగు తాగాక రబ్డీ వెతుక్కుంటూ వెళ్ళడంలో ఆచారం ఎంతో ఈ కణాల పని ఎంతో విడదీయడం కష్టమే. ఆ రబ్డీ కొవ్వు మళ్ళీ మొదటి వ్యవహారంలోకే వస్తుంది. పేగులో ఇంకా మిగిలిన భంగుకు కొత్త వాహనాలు దొరుకుతాయి.

ఎయిడ్స్‌తో ఆకలి చచ్చి బరువు తగ్గిపోయే రోగులకు మారినాల్ రాసేటప్పుడు వైద్యులు తిండి మందును మార్చే దారినీ, మందు తిండిని మార్చే దారినీ ఒకే కాలపట్టికలో ఇమిడ్చారు. మొదటి మోతాదు 2.5 మిల్లీగ్రాములు, మధ్యాహ్న భోజనానికి గంట ముందు ఒకటి, రాత్రి భోజనానికి గంట ముందు ఒకటి. మందు ముందుగా పేగు దాటాలి, ఆకలి అన్నం వేళకు లేవాలి. మత్తు ఇబ్బంది పెడితే రోజుకు ఒక్కటే, రాత్రి భోజనానికి గంట ముందు గానీ పడుకునేటప్పుడు గానీ. మత్తు 4 నుంచి 6 గంటల్లో తగ్గుతుంది, ఆకలి పెంచే గుణం మాత్రం 24 గంటల దాకా, ఒక్కోసారి అంతకు మించీ నిలుస్తుంది. కాబట్టి రాత్రి వేసుకున్న గొట్టం మత్తు నిద్రలో కరిగిపోయినా, మర్నాటి మధ్యాహ్నం కంచం ముందు కూర్చునే వేళకు దాని ఆకలి ఇంకా చేతిలోనే ఉంటుంది.