వీధిలో ఆడేదెవరు? - అనుమతి పత్రాల భాష

సాహిత్య విమర్శ చేసేవాళ్ళు చట్టాలు చదవడం తక్కువ. చదివినా సమాచారం కోసం చదువుతారే గానీ, ఒక కథనో నాటకాన్నో చదివినట్టు చదవరు. కానీ చట్టంలో కూడా పాత్రలుంటాయి. చెప్పేవాడొకడుంటాడు. ఎవరికి పేరుండాలి, ఎవరికి ఉండకూడదు, ఎవరు మాట్లాడాలి, ఎవరి గురించి మాట్లాడాలి అన్న నిర్ణయాలుంటాయి. మన వీధుల్లో పాడేవాళ్ళని, ఆడేవాళ్ళని, సోది చెప్పేవాళ్ళని, గారడీ చేసేవాళ్ళని గురించి చేసిన కొన్ని చట్టాల్ని ఆ దృష్టితో చదివినప్పుడు నాకు ఒకటే విషయం మళ్ళీ మళ్ళీ కనిపించింది. అనుమతి ఇచ్చే రాజ్యం ‘ఏం ఆడతారు?’ అని అడగదు. ‘ఆడేదెవరు?’ అని అడుగుతుంది. ఆ ఎవరు అన్నది కులాన్ని బట్టి, జెండర్‌ని బట్టి తేలుతుంది.

ముందుగా మనందరికీ తెలిసిన ఒక పాత్రని తీసుకుందాం. తెలుగు యక్షగానంలో ఎరుకలసాని లేకపోతే రక్తి కట్టదు. గద్దె, బుట్ట పట్టుకుని వచ్చి నాయిక చెయ్యి చూసి మనసులో మాట చెప్తుంది. శ్రీనివాస కల్యాణ కథలో వేంకటేశ్వరుడంతటివాడు ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు ఇంటికి వెళ్తాడు. ధరణీదేవి ఆమెని లోపలికి పిలిచి కూచోబెట్టి పద్మావతికి సోది చెప్పించుకుంటుంది. సాహిత్యంలో ఎరుకలసానికి అంతఃపురం దాకా దారి ఉంది. ఆమె మాటకి విలువ ఉంది. దేవుడు కూడా ఆమె గొంతు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇక వీధిలోని ఎరుకల స్త్రీ సంగతి చూడండి. 1911 నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. పేర్లు నమోదు చేశారు, హాజరు వేశారు, ఊరు దాటాలంటే పాసు అడిగారు. ఊరూరూ తిరిగితేనే సాగే విద్య ఆమెది. ఆ తిరగడాన్నే నేరం చేశారు. ఆ చట్టం 1952లో రద్దయింది. కానీ 1959లో వచ్చిన బొంబాయి భిక్షాటన నిరోధక చట్టంలో ‘భిక్షాటన’ అనే మాటకి ఇచ్చిన నిర్వచనం చూడండి. బహిరంగ స్థలంలో దానం అడగడం, తీసుకోవడం భిక్షాటన. పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం, ప్రదర్శన ఇవ్వడం లాంటి ‘నెపం’ ఉన్నా అది భిక్షాటనే. నాకు ఇక్కడ ముఖ్యంగా కనిపించేది ఆ ‘నెపం’ అనే మాట. చట్టం ఆ పాటని విననే లేదు. పాటని ఒక సాకు అనేసింది. ఇంతకంటే క్లుప్తమైన సాహిత్య విమర్శ ఇంకోటి ఉంటుందా? ఒక్క మాటతో ఒక జాతి విద్యనంతా కొట్టిపారేశారు.

ఈ ఊహ మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లాండులో 1572లో చేసిన చట్టం ఏ జమీందారీ ప్రాపకమూ లేని నటుల్ని, పాటగాళ్ళని దేశదిమ్మరుల జాబితాలో చేర్చింది. ప్రభువు నీడ ఉంటే కళాకారుడు, లేకపోతే దిమ్మరి. కళలో తేడా లేదు, నీడలోనే తేడా. వలస పాలకులు ఆ తర్కాన్ని ఇక్కడికి తెచ్చారు. స్వతంత్రం వచ్చాక మనం దాన్ని ఉంచుకున్నాం. బొంబాయి చట్టాన్ని ఢిల్లీకి వర్తింపజేసిన మేరకు, భిక్షాటనని నేరంగా చూసే సెక్షన్లు చెల్లవని ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో తీర్పు చెప్పింది. అంతకు ముందు ఏడాది, 2017 నవంబరులో, మన హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరగబోతుంటే రోడ్ల మీద భిక్షాటనని రెండు నెలలపాటు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. అతిథులు వచ్చే వీధి శుభ్రంగా ఉండాలి. ఆ శుభ్రతలో ఎవరు చెత్తగా లెక్కకొస్తారన్నది అసలు ప్రశ్న.

ఇప్పుడు రెండో పాత్ర. స్త్రీ వేషం కట్టిన పురుష దేహం.

కూచిపూడి సంప్రదాయంలో స్త్రీలకి వేదిక మీద చోటు లేని కాలమంతా పురుషులే సత్యభామలయ్యారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామ జడ, నడక, అలక తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకి 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ గౌరవం న్యాయమైనదే. కూచిపూడి గ్రామాన్ని గోల్కొండ తానీషా ఆ భాగవతులకి అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. అంటే అదీ ఒక అనుమతి పత్రమే.

అదే సమయంలో హైదరాబాదు నగరంలో ఇంకో పాఠం అమలులో ఉంది. నిజాం రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. బ్రిటిష్ వాళ్ళ 1871 నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగానికి అది దగ్గరి చుట్టం. ఆ చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసుకోవాలి. రిజిస్టరులో పేరున్న మనిషి స్త్రీ దుస్తులతోనో నగలతోనో వీధిలో కనిపించినా, వీధిలో నాట్యం చేసినా, వాద్యం వాయించినా, జనం వినోదించే ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు. రెండేళ్ళ దాకా జైలు.

ఈ రెండు పాఠాల్ని పక్కపక్కన పెట్టి చదవండి. అదే చీర, అదే జడ, అవే గజ్జెలు. ఒక దేహం మీద అవి ఆహార్యాభినయం, ఇంకో దేహం మీద నేరం. అగ్రవర్ణ పురుషుడు స్త్రీ వేషం కడితే అది వేషమని అందరికీ నమ్మకం. తీసేస్తాడు, ఇంటికి వెళ్తాడు, మళ్ళీ పురుషుడవుతాడు. హిజ్రా కట్టింది వేషం కాదు, అది ఆమె జీవితం. పితృస్వామ్యం వేషాన్ని మెచ్చుకోగలదు. ఆ జీవితాన్నే సహించలేదు. వీధిలో ఆట మీద పెట్టిన నిబంధన నిజానికి ఆట మీద పెట్టింది కాదన్నది ఇక్కడ బాగా తెలుస్తుంది.

ఈ చట్టం ఎంతకాలం బతికిందో గమనించాలి. నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. 2018లో ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఇది రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకి విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు. ఈ నూటనాలుగేళ్ళలో తెలుగు నాటకం మీద, నాట్యం మీద ఎన్ని పరిశోధనలు జరిగాయి? మా విశ్వవిద్యాలయాల జానపద పరిశోధనలో కళారూపం పేరుంటుంది, కులం ఉంటుంది, వాద్యం ఉంటుంది, వేషధారణ ఉంటుంది. వాళ్ళని వీధిలో ఎవరు ఆడనిచ్చారు, ఎవరు తరిమేశారు అన్న అధ్యాయం ఉండదు.

అలాగని పల్లెటూరి పాత ఏర్పాటు స్వేచ్ఛాలోకమని నేననడం లేదు. చిందు భాగవతులకి మాదిగ వాడల మీద సంప్రదాయంగా వచ్చిన హక్కు ఉంది. ఏ ఊళ్ళు ఎవరి వంతో కట్టుబాటు ఉంది. అదీ ఒక రకం లైసెన్సే, కాకపోతే కాగితం బదులు కులం. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ వంటి గొప్ప కళాకారిణి ఆ చట్రంలోంచే వచ్చింది. ఆ చట్రంలోనే వీధిలో ఆడే దళిత స్త్రీ దేహం ఊరి మగవాళ్ళందరి హక్కు అనే భావన కూడా ఉంది. జోగిని, దేవదాసి ఆచారాల మీద 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చెయ్యవలసి వచ్చింది అందుకే. కాబట్టి పాత కట్టుబాటుకి తిరిగి వెళ్ళడం మనకి పరిష్కారం కాదు.

ఉద్యమాల వీధి కూడా ఈ తేడాకి అతీతం కాదు. ప్రజానాట్యమండలి 1940లలో బుర్రకథని పల్లెపల్లెకీ తీసుకెళ్ళింది. ‘మా భూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మోటూరి ఉదయం వంటివాళ్ళు స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపి, ఆడవాళ్ళు నలుగురిలో గొంతెత్తడమే తప్పన్న రోజుల్లో వేల మంది ముందు నిలబడ్డారు. ఆ సాహసం తక్కువది కాదు. కానీ బుర్రకథకి మూలమైన జంగం కథలో భర్త కథ చెప్తుంటే వంత పాడిన స్త్రీలు అంతకు ముందు నుంచీ వీధిలోనే ఉన్నారు. వాళ్ళ పేర్లు మనకి తెలియవు. ఇంటి గడప దాటిన స్త్రీ చరిత్రలోకి ఎక్కింది. గడపే లేని స్త్రీ ఎక్కలేదు. ‘స్త్రీలు వీధిలోకి వచ్చారు’ అని మనం రాసేటప్పుడు, ఏ స్త్రీలు వచ్చారు, ఏ స్త్రీలు మొదట్నుంచీ అక్కడే ఉన్నారు అని అడగాలి. స్త్రీవాద సాహిత్య చరిత్ర కూడా ఈ ప్రశ్న ఎదుర్కోవాలి.

విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు మేం నలుగురం అమ్మాయిలం వరకట్నం మీద ఒక చిన్న వీధి నాటకం వెయ్యడానికి అనుమతి కోసం వెళ్ళాం. అక్కడి అధికారి నాటకం దేని గురించి అని అడగలేదు. ‘మీతో మగవాళ్ళెవరొస్తున్నారమ్మా?’ అన్నాడు. దరఖాస్తులో తండ్రి లేదా భర్త పేరు రాయమన్నాడు. మాకు రాయడానికి ఆ పేర్లున్నాయి, చేతిలో విశ్వవిద్యాలయం కార్డుంది. అనుమతి వచ్చింది. ఇవేవీ లేని ఆడమనిషి ఆ బల్ల ముందు నిలబడితే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

నిబంధనలే వద్దంటారా అని అడగొచ్చు. వద్దనడం లేదు. వీధి అందరిదీ. ఆసుపత్రి పక్కన మైకు పెట్టకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి, అది మంచిదే. పసిపిల్లని గడ మీదకి ఎక్కించాలని కూడా నేననను. కాకపోతే బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ సినిమా, టీవీ, ప్రకటనల్లో నటించే పిల్లలకి షరతులతో మినహాయింపు ఇచ్చి, సర్కస్‌ని మాత్రం పేరు పెట్టి మరీ బయట ఉంచింది. కెమెరా ముందు పిల్ల కళాకారిణి, గుడారంలో పిల్ల బాధితురాలు. పిల్లల క్షేమమే కొలత అయితే రెండు చోట్లా ఒకే కొలత ఉండాలి కదా?

ఇంగ్లాండులోనే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ 2021లో వీధి కళాకారులకి లైసెన్సు పద్ధతి పెట్టింది. రద్దీ ప్రాంతాల్లో ఆడడానికి చోట్లు గుర్తించింది. మైకు ఎక్కడ వాడొచ్చో, ఎక్కడ వాడకూడదో చెప్పింది. అక్కడా గొడవలు లేకపోలేదు. లెస్టర్ స్క్వేర్‌లో శబ్దం భరించలేకపోతున్నామని పక్కనున్న సంస్థ కోర్టుకెళ్తే 2025లో అక్కడ ప్రదర్శనలు ఆపేశారు. దాన్ని ఆదర్శమని నేను చెప్పబోవడం లేదు. కానీ అక్కడ తగువు చోటు గురించి, చప్పుడు గురించి. పాడేవాళ్ళ పుట్టుక గురించి కాదు. 1572 నాటి చట్టం చేసిన దేశం ఆ మాత్రం దూరం వచ్చింది. మనం రాలేమా?

వచ్చే దారి మన చట్టాల్లోనే ఒకటుంది. 2014 వీధి విక్రేతల చట్టం వస్తువులు అమ్మేవాళ్ళనే కాక, వీధిలో ప్రజలకి ‘సేవలు’ అందించేవాళ్ళని కూడా వీధి విక్రేతలుగా గుర్తిస్తుంది. పట్టణ విక్రయ కమిటీలో నలభై శాతం తగ్గకుండా విక్రేతలుండాలనీ, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలనీ చెప్తుంది. సర్వే చెయ్యాలి, ధ్రువపత్రం ఇవ్వాలి, ఊరికే తరిమెయ్యకూడదు. ఇందులో కథ చెప్పే మనిషి, పాడే మనిషి ప్రస్తావన లేదు. కానీ చెప్పులు కుట్టడం సేవ అయినప్పుడు కథ చెప్పడం ఎందుకు కాదు? ‘నెపం’ అన్న చోట ‘సేవ’ అని చదవడం విమర్శకులు చెయ్యగలిగిన పని. మాటకి అర్థం మార్చి చదవడం మనకి అలవాటైన విద్యే.

హైదరాబాదులో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి జనానికి వినోదం ఏర్పాటు చేశారు. ప్రభుత్వం పిలిస్తే వీధిలో ఆట ఉత్సవం. పిలవకుండా వస్తే ట్రాఫిక్‌కి అడ్డం. పిలుపు ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు అన్నది ఇంకా పాత రిజిస్టరే నిర్ణయిస్తోంది. చట్టం రద్దయినంత మాత్రాన రిజిస్టరు మనుషుల బుర్రల్లోంచి పోదు.

అందుకే మున్సిపాలిటీ ఇచ్చే దరఖాస్తులో ఏ గళ్ళుండాలన్నది సాహిత్యానికి సంబంధం లేని విషయమని నేననుకోను. చోటు, సమయం, శబ్దం, ఆడేవాళ్ళ సంఖ్య అడగండి. తండ్రి పేరు, భర్త పేరు, కులవృత్తి అడగొద్దు. ఆడేది ఎరుకల స్త్రీ అయినా, ట్రాన్స్ స్త్రీ అయినా, విశ్వవిద్యాలయం అమ్మాయి అయినా అదే కాగితం ఉండాలి, అదే కిటికీ దగ్గర ఇవ్వాలి. ఇక మన వంతు పని ఒకటుంది. వీధి కళల మీద ఇకముందు రాసే ప్రతి పరిశోధనలోనూ రాగం, తాళం, వేషం పక్కనే ఒక అధ్యాయం చేర్చాలి. ఈమెని ఇక్కడ ఎవరు ఆడనిచ్చారు, ఎవరు ఆడనివ్వలేదు, ఏ మాటతో? ఆ అధ్యాయం రాయాలంటే ముందు వీధిలో ఉన్న ఆమెనే అడగాలి.