రికార్డుల వ్యాపారి చేతిలో మట్టిముద్ద

ట్రంపెట్ వాద్యకారుడు హెర్బ్ ఆల్పర్ట్ 1962లో జెర్రీ మాస్‌తో కలిసి ఏ అండ్ ఎం రికార్డ్స్ పెట్టి, 1989లో పాలీగ్రామ్‌కు అమ్మేశారు. ఆయనే దశాబ్దాలుగా శిల్పాలూ చేస్తున్నారు; మనిషిని మించిన ఎత్తున్న నల్లటి కంచు స్తంభాలు వాటిలో ప్రసిద్ధం. డబ్బున్న మారాజు, ఏం చేసినా చెల్లుతుందిలే అని తీసిపారేయొచ్చు. కంచు పోత ఖర్చు సామాన్యుడు మోయలేనిదన్న మాట నిజమే. అయితే డబ్బు కొనేది పోత పనినే, రూపాన్ని కాదు. మైనం పోతలో మైనపు నమూనా చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. నమూనా మీద బొటనవేలు నొక్కిన గుంట లోహంలోనూ గుంటగానే దిగుతుంది. ఆసిఫాబాద్ వైపు ఓజా కళాకారులు ఇదే పద్ధతిలో చేసే డోక్రా బొమ్మలు చూడండి: మట్టి దిమ్మ మీద చుట్టిన మైనపు తీగల వరసలు ఇత్తడిలో అలాగే కనిపిస్తాయి. అచ్చు దగ్గర పేరూ పలుకుబడీ పనిచేయవు.

మరి పాటల మధ్య గడిచిన ఏళ్లు శిల్పికి దండగేనా? నాకలా అనిపించదు. రికార్డింగులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదే అసలు పని. మట్టి దగ్గరా అదే తేల్చుకోవాలి. కాకపోతే పాటకు మొదలూ చివరా ఉంటాయి. బొమ్మ చుట్టూ జనం ఎటునుంచైనా వస్తారు, వీపు వైపు కూడా చెక్కి తీరాలి.